చెవికి చుట్టం ఇటాలియన్, వ్యాకరణానికి చుట్టం ఐరిష్

రెండేళ్ళ కిందట సెప్టెంబరులో, ఒకే వారంలో రెండు కాగితాలు మా ఇంటికొచ్చాయి. ఒకటి పాప స్కూలు బ్యాగులోంచి: ఐరిష్ హోంవర్కు, పది మాటలు, పక్కన బొమ్మలు. రెండోది ఆఫీసు నుంచి: ఇటలీలో ఉన్న మా సప్లయర్ దగ్గరికి ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్ళాల్సి ఉంటుంది, ఇటాలియన్ నేర్చుకుంటానంటే ఫీజు కంపెనీ కడుతుంది అని. మేముండేది ఐర్లండ్ పడమటి తీరాన గాల్వేలో. నేను వైద్య పరికరాల తయారీలో క్వాలిటీ పని చేస్తాను. సప్లయర్ ఉన్నది మోదెన జిల్లాలో మిరాందొల అనే చిన్న ఊళ్ళో. గొట్టాలు, ఫిల్టర్లు, డయాలసిస్ సామాను తయారీకి ఆ ఊరు పెట్టింది పేరు.

ఇటాలియన్ అనగానే నాకు భయమేమీ వేయలేదు. చిన్నప్పటినుంచీ వింటున్నదే కదా, తెలుగుని ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అంటారని! 15వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు నికొలో దె కాంతి ఆ పోలిక తెచ్చాడని చెబుతారు. మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయి, రెండూ సంగీతానికి ఒదుగుతాయి. మా అమ్మ తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైంది. ఫోన్లో సంగతి చెబితే, “అదెంతసేపే, మన భాషకి అక్కచెల్లెలు లాంటిది. ఆ రెండోదేదో నీకెందుకు, పాప చూసుకుంటుందిలే” అంది. నేనూ అలాగే అనుకున్నాను. రెండేళ్ళయ్యాక చూస్తే సగమే నిజమైంది.

ముందు నిజమైన సగం చెబుతాను. ఇటాలియన్ క్లాసులో మేం తొమ్మిది మందిమి, నేను తప్ప అందరూ ఐర్లండ్ వాళ్ళే. మొదటి రోజే టీచరు ‘నోనొ’, ‘నొన్నొ’ అని రెండు మాటలు బోర్డు మీద రాసింది. మొదటిది తొమ్మిదవది, రెండోది తాత. మిగతా ఎనిమిది మందికీ రెండూ ఒకేలా వినిపించాయి. నాకు నవ్వొచ్చింది. గడి వేరు గడ్డి వేరు, కల వేరు కల్ల వేరు అని రెండేళ్ళ పిల్లకి కూడా తెలిసే భాషలో పుట్టాను మరి. ‘పాల’ అంటే పార, ‘పల్ల’ అంటే బంతి. ‘కాస’ ఇల్లు, ‘కస్స’ పెట్టె. ఒత్తు పెడితే అర్థం మారిపోతుంది. వయసు చెప్పే పాఠంలో ‘అన్ని’ అన్నప్పుడు ఒత్తు పలక్కపోతే సంవత్సరాలు కాస్తా శరీరంలో చెప్పకూడని భాగం అయిపోతుంది. ఆ పూట క్లాసులో చాలామంది తమకి అలాంటివి ముప్ఫయ్యో నలభయ్యో ఉన్నాయని చెప్పుకున్నారు. టీచరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

త, ద కూడా మనవే. ఇంగ్లీషువాళ్ళలా ‘ట’ దగ్గర నాలుక మడవనక్కర్లేదు, పళ్ళకి ఆనిస్తే చాలు. రాసింది రాసినట్టు చదవడమే. ‘గ్’, ‘ల్’, ‘ఇ’ కలిసి ‘ల్య’ కావడం లాంటి రెండు మూడు మెలికలు దాటితే, తెలుగు లిపిలో ఎత్తి రాసుకుని చదివినా ఎవరూ పట్టుకోలేరు. మూడో వారానికే టీచరు నన్ను “ఇటలీలో ఉండొచ్చావా?” అని అడిగింది.

అయితే అచ్చులతో ముగియడంలో మనం వాళ్ళని మించిపోయాం. బయటి మాట దొరికితే మనం వదలం: బస్సు, కారు, రోడ్డు, బల్బు, టిక్కెట్టు. ఇటాలియన్లు బార్‌ని బార్‌గానే, ఫిల్మ్‌ని ఫిల్మ్‌గానే, స్పోర్ట్‌ని స్పోర్ట్‌గానే రాసుకుంటారు. చివర అచ్చు తగిలించాలన్న పట్టుదల వాళ్ళ పుస్తకాల భాషలో ఎప్పుడో సడలింది. తూర్పు దేశపు ఇటాలియన్ అని మనల్ని అనేకంటే వాళ్ళనే పడమటి తెలుగు అనడం న్యాయమేమో.

ఇక ఐరిష్. ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో అందరు పిల్లలూ ఐరిష్ చదవాల్సిందే. రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ప్రకారం అదే మొదటి అధికార భాష, ఇంగ్లీషు రెండోది. దారి పొడుగునా బోర్డుల మీద పైన ఐరిష్ పేరు వాలు అక్షరాల్లో, కింద ఇంగ్లీషు పేరు నిటారు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ వాలు అక్షరాల అచ్చు పుట్టింది 1500 ప్రాంతంలో వెనిస్‌లో, ఆల్దొ మనూత్సియొ ముద్రణాలయంలో. ఇటలీవాళ్ళ అక్షరాన్ని ఒంటిమీద వేసుకుని ఐరిష్ భాష రోడ్డు పక్కన నిలబడి ఉంటుందన్నమాట.

మొదటి హోంవర్కు రోజు నేను ఓడిపోయాను. ఇటాలియన్‌లో నన్ను మహారాణిని చేసిన ‘రాసింది రాసినట్టు చదువు’ సూత్రం ఇక్కడ ఒక్క నిమిషం కూడా పనిచేయలేదు. ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్ అని రాసి ‘షివాన్’ అని పిలుస్తారు. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ రాస్తే ‘నీవ్’. పాప స్నేహితురాలి పేరుని నేను ఏడాదిపాటు కాగితం మీద చూస్తూ అది వేరే పిల్ల అనుకున్నాను. సంప్రదాయంగా ఐరిష్‌కి ఉన్నవి 18 అక్షరాలే, ఇటాలియన్‌కి 21. తక్కువ అక్షరాలతో ఎక్కువ ధ్వనులు పలికించాలి కాబట్టి అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి కాపలా కాస్తుంటాయి. హల్లుకి రెండు వైపులా ఉన్న అచ్చుల్ని బట్టి అది బరువుగా పలకాలో సన్నగా పలకాలో తెలుస్తుంది. ‘సన్నదానికి సన్నది, వెడల్పుదానికి వెడల్పుది’ అని పిల్లలకి పాటలా నేర్పుతారు. పద్ధతి తెలిశాక అది చాలా క్రమంగా ఉన్న రాతే అని ఒప్పుకోవాలి. తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పాపకి సాయం చేయాలన్న పట్టుదలతో నేనూ వారానికోసారి సాయంత్రం క్లాసులో చేరాను. మంగళవారం ఇటాలియన్, గురువారం ఐరిష్. మా ఆయన, “రెండు పడవల మీద కాళ్ళు” అన్నాడు. నిజమే, మొదటి శీతాకాలమంతా తడిశాను. ఇటాలియన్‌లో వాక్యం ఇంగ్లీషు వరసలోనే నడుస్తుంది. తెలుగులో క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగుతాం. ఐరిష్‌లో తలుపు తీయగానే క్రియే ఎదురొస్తుంది. ‘నేను నిన్న అమ్మకి ఫోన్ చేశాను’ అనాలంటే ‘పిలిచాను నేను మీద నా అమ్మ నిన్న’ అని పేర్చాలి. మన వాక్యాన్ని తోక పట్టుకుని తిప్పినట్టు ఉంటుంది. బస్సు స్టాపులో నిలబడి మనసులో వాక్యాలు తిప్పుకుంటూ రెండు సార్లు బస్సు వదిలేశాను.

నవంబరులో ఒక గురువారం అంతా మారింది. ఆ రోజు పాఠం ‘కలిగి ఉండటం’. ఇటాలియన్‌లో ఇది మొదటి నెలలోనే వస్తుంది: ‘ఒ’ అంటే ‘నేను కలిగి ఉన్నాను’. ఇటాలియన్లు కారు కలిగి ఉంటారు, పిల్లల్ని కలిగి ఉంటారు, ఆకలిని కలిగి ఉంటారు (‘ఒ ఫామె’), దాహాన్నీ జలుబునీ కూడా కలిగి ఉంటారు. తెలుగులో ఇలా అంటే రేడియో వార్తలు చదివినట్టుంటుంది. ఐరిష్ టీచరు బోర్డు మీద మొదటి వాక్యంగా రాసింది: “మా భాషలో ‘కలిగి ఉండు’ అనే క్రియ లేదు.” నేను నిటారుగా కూర్చున్నాను. ‘తా కార్ అగమ్’, అంటే ఉంది కారు నా దగ్గర. ‘తా ఓక్రస్ ఓరమ్’, ఉంది ఆకలి నా మీద. క్లాసులో మిగతావాళ్ళు ఇదేం వింత అని తల గోక్కుంటుంటే, నాకు మాత్రం ఇంటికొచ్చినట్టయింది. నా దగ్గర కారు ఉంది. నాకు ఆకలిగా ఉంది. మనిషి కర్త స్థానంలో కూర్చుని అన్నిటినీ పట్టుకోవడం లేదు. ఆకలీ కోపమూ బయటినుంచి వచ్చి మనిషి మీద వాలుతున్నాయి.

కోపం సంగతే చూడండి. తెలుగులో కోపం వస్తుంది. ఐరిష్‌లోనూ వస్తుంది: ‘హానిగ్ ఫ్యారగ్ ఓరమ్’, వచ్చింది కోపం నా మీద. ఇటాలియన్‌లో మాత్రం మనిషి తనని తానే కోపగించుకుంటాడు. భాష రావడమూ అంతే. ‘తా గేల్గె అగమ్’ అంటే నా దగ్గర ఐరిష్ ఉంది. మనం ‘నాకు తెలుగు వచ్చు’ అంటాం. ఇటాలియన్ అయితే ‘నేను మాట్లాడతాను’ అని చెప్పి ఊరుకుంటుంది. ఐరిష్‌లో క్షమాపణ కూడా ‘ఉంది విచారం నా మీద’. కృతజ్ఞత ‘మంచి నీ దగ్గర ఉండుగాక’.

ఇటాలియన్‌కి అన్యాయం చేయను. వాళ్ళకీ ‘మి ప్యాచె’ ఉంది, ‘నాకు నచ్చుతుంది’ అని అచ్చం మన వరసే. ‘నాకు కావాలి’, ‘నాకు తలనొప్పి’ దగ్గర కూడా మనిషి పక్కకి తప్పుకుంటాడు. కానీ అవి కొన్ని మాటలకి పరిమితం. ఐరిష్‌లో భాషంతా ఆ ఇరుసు మీదే తిరుగుతుంది.

ఆ వారమే మిరాందొల వెళ్ళాను. ఫ్యాక్టరీలో శుభ్రగది సూటు వేసుకుంటే ఉక్కగా ఉంటుంది కదా. నేను ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘సోనొ కాల్ద’ అనేశాను, ‘నేను వేడిగా ఉన్నాను’ అని. పక్కనున్న పెద్దాయన దగ్గు తెచ్చుకుని బయటికి వెళ్ళాడు. ‘ఒ కాల్దొ’, ‘వేడిని కలిగి ఉన్నాను’ అనాలట. నేనన్న దానికి వేరే అర్థం ఉందని ఒకావిడ క్యాంటీన్లో చెవిలో చెప్పింది. ‘నాకు ఉక్కపోస్తోంది’ అని తెలుగులో ఆలోచించి ఉంటే ఈ గొడవే లేకపోయేది.

మర్యాద విషయంలో మాత్రం ఇటలీలోనే సుఖం. వాళ్ళకి ‘తూ’ నువ్వు, ‘లేయి’ మీరు. ఆ ‘లేయి’ అంటే మామూలుగా ‘ఆమె’. ఎదుటి మగవాణ్ణి ‘ఆమె ఎలా ఉంది?’ అని పలకరించినట్టే, కాకపోతే మర్యాదగా. మన పాతకాలం ఇళ్ళలో ఎదురుగా నిలబడ్డవాణ్ణే ‘అల్లుడుగారు ఎప్పుడొచ్చారు?’ అని అడిగే పద్ధతి గుర్తు తెచ్చుకుంటే అదేమీ వింత కాదు. ఐరిష్‌లో ఒక్క మనిషికి ‘తూ’ ఒక్కటే ఉంది. ఎనభయ్యేళ్ళ మనిషినైనా నువ్వనే అనాలి. నేను కొన్నాళ్ళు పెద్దవాళ్ళతో బహువచనం ‘షివ్’ వాడి చూశాను. ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరున్నారా అని.

ఇప్పుడు అసలు కథ. మే నెలలో అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. ఒక సాయంత్రం వంటింటి బల్ల దగ్గర పాప అప్పజెబుతోంది: ‘కత్’ అంటే పిల్లి. ‘మొ ఖత్’ నా పిల్లి. ‘ఆర్ గత్’ మన పిల్లి. అమ్మ పక్కనే బెండకాయలు తరుగుతూ వింటోంది.

“అదేమిటే, పిల్లి ఒకటే కదా! కత్ అంటుంది, ఖత్ అంటుంది, గత్ అంటుంది?”

“అమ్మమ్మా, ముందు మాటని బట్టి మొదటి అక్షరం మారిపోతుంది,” అంది పాప. “అతని పిల్లి అయితే అ ఖత్, ఆమె పిల్లి అయితే అ కత్, వాళ్ళ పిల్లి అయితే అ గత్. ముందున్న ‘అ’ మూడింటికీ ఒకటే.”

ఈ మార్పులకి రెండు పేర్లున్నాయని నేను చెప్పాను. ఒకటి ‘షేవూ’, అంటే మెత్తబరచడం. రెండోది ‘ఉరూ’, అంటే గ్రహణం. సూర్యగ్రహణానికీ ఆ మాటే వాడతారు. ‘క’ రాసే ఉంటుంది, దాని ముందు ‘గ’ వచ్చి మింగేస్తుంది, పలికేది ‘గ’ మాత్రమే. ‘బాద్’ పడవ అయితే ‘మొ వాద్’ నా పడవ, ‘ఆర్ మాద్’ మన పడవ.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. “నా చేతిలో ఉన్నవేంటి? కూర, కాయలు. కూరకాయలంటున్నానా, కూరగాయలంటున్నానా? నువ్వు ఎవరికి పుట్టావు? తల్లితండ్రులకా, తల్లిదండ్రులకా?” పాప నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మకి ముప్ఫయ్యేళ్ళ క్లాసు గది తిరిగొచ్చింది. “పరుషాలు సరళాలవుతాయి. అది గసడదవాదేశం, ‘ప’ ‘వ’ అవుతుంది. రాజు పలికె కాదు, రాజు వలికె. ఇంకోటి సరళాదేశం. ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు. పూచెను కలువలు, పూచెనుగలువలు. క పోయి గ, త పోయి ద, ప పోయి బ.”

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే గ్రహణం పట్టినప్పుడు ఐరిష్‌లోనూ సరిగ్గా క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. వాళ్ళు పెట్టుకున్న పేరు ‘గ్రహణం’, మనం పెట్టుకున్న పేరు ‘సరళాదేశం’. పేర్లు వేరైనా కారణం దగ్గరదే. ద్రుతమంటే చివర వచ్చే ‘న’ కారం. ఐరిష్‌లో గ్రహణం పట్టించే మాటలకి కూడా ఒకప్పుడు చివర ముక్కుతో పలికే ధ్వని ఉండేది. ఏడు పిల్లులంటే ‘షఖ్త్ గత్’. అదే ఏడుకి లాటిన్‌లో ‘సెప్తెమ్’, పదికి ‘దెకెమ్’. చివరి ‘మ్’ లాంటి ధ్వని ఐరిష్‌లో ఎప్పుడో రాలిపోయింది, కానీ పక్క మాట మీద వేసిన మచ్చ మిగిలిపోయింది. అందుకే ఏడు, తొమ్మిది, పది తర్వాత గ్రహణం, వాటిని చూసి ఎనిమిది తర్వాత కూడా. మూడు నుంచి ఆరు దాకా మెత్తబరచడమే, ‘త్రీ ఖత్’.

పాత ఐరిష్ అచ్చులో మెత్తబడ్డ అక్షరం మీద చిన్న చుక్క పెట్టేవారు. రోమన్ అచ్చుకి మారాక చుక్క పోయి పక్కన హెచ్ వచ్చింది, అందుకే చూడటానికి అన్ని హెచ్‌లు. అమ్మకి ఇది చెబితే, “మన అరసున్న కూడా అలాగే పోయిందిగా” అని నిట్టూర్చింది. అరసున్న మీద అంత ప్రేమ ఉన్న మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

ఇటాలియన్‌లో ఇలాంటిదేమీ లేదా అంటే, పుస్తకాల్లో కనిపించదు గానీ నోట్లో ఉంది. ‘అ కాస’ (ఇంటికి) అని రాసి మధ్య ఇటలీలో ‘అక్కాస’ అని ఒత్తి పలుకుతారు. ఫ్లారెన్స్‌లో ‘ల కాస’ అన్నది ‘ల హాస’ అవుతుంది. ఆ ‘హ’ ఐరిష్ ‘ఖ’కి చాలా దగ్గర. అంటే అచ్చు వేసిన ఇటాలియన్ ఫ్లారెన్స్ నుంచి వచ్చిందే, కానీ ఫ్లారెన్స్ నోట్లో ఉన్న మెత్తదనాన్ని మాత్రం వెంట తెచ్చుకోలేదు.

అమ్మ వెళ్ళేలోగా ఇంకో నిధి దొరికింది. ఐరిష్‌లో వస్తువులకి ఒక లెక్క, మనుషులకి ఇంకో లెక్క. రెండు ‘దో’, మూడు ‘త్రీ’, నాలుగు ‘క్యాహర్’. మనుషులైతే ‘బెర్ట్’, ‘త్రూర్’, ‘క్యాహ్రర్’, ‘కూగర్’, ‘షెషర్’. క్లాసులో అందరికీ ఇది తలనొప్పి. నాకు మాత్రం ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు. పదిదాకా వాళ్ళకీ నడుస్తుంది, ఆ పైన పన్నెండుకి మాత్రమే ఒక మాట ఉంది. మనకీ పదుగురి తర్వాత ‘మంది’యే గతి. ఇటాలియన్‌లో మూడు పిల్లులైనా ముగ్గురు మనుషులైనా ‘త్రె’నే.

అలాగని తెలుగుకీ ఐరిష్‌కీ రక్తసంబంధం ఉందని ఎవరూ అనుకోకూడదు, అమ్మ అనేసుకుంది గానీ. చుట్టరికం ఐరిష్‌కీ ఇటాలియన్‌కీ మధ్యే. మన ద్రావిడ ఇంటికి అవి రెండూ బయటివాళ్ళే. సంస్కృతం ద్వారా తెచ్చుకున్న మాటల్లో మాత్రం ఎదురుపడతాయి. రాజు ఐరిష్‌లో ‘రీ’, ఇటాలియన్‌లో ‘రె’. ఒకటే తల్లి మాట అని నమ్మడం కష్టమయ్యేది ‘ప’ దగ్గర. ఐరిష్‌కి తల్లి అయిన ప్రాచీన కెల్టిక్ భాష తన ‘ప’ని పోగొట్టుకుంది. లాటిన్ ‘పాతెర్’, సంస్కృతం ‘పితృ’, ఇటాలియన్ ‘పాద్రె’. ఐరిష్ మాత్రం ‘అహర్’. చేప ఇటాలియన్‌లో ‘పెషె’, ఐరిష్‌లో ‘ఈస్క్’. పూర్ణం, ‘ప్యేనొ’, ఐరిష్‌లో ‘లాన్’.

తర్వాత క్రైస్తవం తెచ్చిన లాటిన్ మాటలు వస్తే, ‘ప’ పలకడం చేతకాక దాని బదులు ‘క’ పెట్టుకున్నారు. ఈస్టరు పండగ ఇటాలియన్‌లో ‘పాస్క్వ’, ఐరిష్‌లో ‘కాష్క్’. లాటిన్ ‘ప్లాంత’ అంటే మొలక, అది ఇటలీలో ‘ప్యాంత’ అనే మొక్కగానే ఉండిపోయింది. ఐర్లండ్‌లో ‘క్లాన్’ అయి సంతానం అనే అర్థం తెచ్చుకుంది. సంస్కృతంలో వంశమంటే వెదురు అని తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు.

వారాల పేర్లు రెండూ పక్కపక్కన రాసుకుని ఒక ఆదివారం కూర్చున్నాను. సోమవారం ‘లునెదీ’, ‘జే లూన్’, చంద్రుడు. మంగళవారం ‘మార్తెదీ’, ‘జే మార్ట్’; కుజుడు. ఇక్కడిదాకా మూడు భాషలూ చేయి చేయి పట్టుకుని నడిచాయి. బుధవారం నుంచి ఐర్లండ్ సన్యాసులు పంచాంగాన్ని లాక్కున్నారు: బుధవారం ‘మొదటి ఉపవాసం’, శుక్రవారం ‘ఉపవాసం’, గురువారం ‘రెండు ఉపవాసాల నడిమి రోజు’. శనివారానికి ఇటాలియన్ పక్కకి తప్పుకుంది, ‘సాబతొ’ యూదుల సబ్బాత్ నుంచి వచ్చింది. ఐరిష్ ‘సహర్న్’ మాత్రం శని గ్రహమే. అలా శనివారం నాడు నేనూ ఐర్లండూ ఒక జట్టు.

రెండు భాషల బతుకు కథలు వింటే తల తిరుగుతుంది. ఇటలీ ఒక దేశమయింది 1861లో. అప్పటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు జనాభాలో 2.5 శాతమేనని భాషావేత్త తుల్లియొ దె మౌరొ లెక్క కట్టాడు, ఇంకొందరు పది శాతం దాకా అంటారు. మిగతావాళ్ళవి ఎవరి ఊరి భాష వాళ్ళవి. దె మౌరొ లెక్కే తీసుకుంటే ఆరు లక్షలు. 1851 జనగణనలో, మహా కరువు ఊడ్చేసిన తర్వాత కూడా, ఐర్లండ్‌లో ఐరిష్ వచ్చినవాళ్ళు సుమారు 15 లక్షలు! ఆ తర్వాత ఒకటి బడులతో, సైన్యంతో, టీవీతో పైకెక్కింది. రెండోది వలసలతో, ఇంగ్లీషు బడులతో కిందికి జారింది. 2022 జనగణనలో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల 73 వేలు. బడి బయట రోజూ మాట్లాడతామన్నవాళ్ళు 71,968 మంది. తెలుగు మీడియం గొడవలు విన్న చెవులతో ఆ రెండో అంకె చదివినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు.

మిరాందొలలో ఇంకో సంగతి గమనించాను. వయసు మళ్ళిన టెక్నీషియన్లు నాతో ఇటాలియన్ మాట్లాడి, తమలో తాము మాత్రం ఊరి భాషలోకి జారుకుంటారు. అది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అచ్చులతో ముగిసే అందమూ అందులో అంతగా లేదు, చాలా మాటలు హల్లు దగ్గర టక్కున తెగుతాయి. ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అన్న పొగడ్త ఏ ఇటాలియన్ని చూసి పుట్టిందో గానీ, మిరాందొల క్యాంటీన్లో కూర్చుని మాత్రం కాదు.

ఐరిష్ సహజంగా మాట్లాడే పల్లెలని గేల్తఖ్త్ అంటారు. మాకు దగ్గరిది స్పిడ్డల్, గాల్వే నుంచి సముద్రం పక్కనే బస్సులో వెళ్ళొచ్చు. మొదటిసారి ధైర్యం చేసి ఒక దుకాణంలో ఐరిష్‌లో టీ అడిగితే ఇంగ్లీషులో జవాబొచ్చింది. నా మొహం చూసో, నా ఐరిష్ విని జాలిపడో తెలియదు. రెండోసారి అమ్మ కూడా వచ్చింది. ఒక పెద్దాయన “అన్ విల్ గేల్గె అగత్?” అన్నాడు, నీ దగ్గర ఐరిష్ ఉందా అని. నేను తడబడి ఇంగ్లీషులో ‘యెస్’ అనేశాను. ఐరిష్‌లో అవును అనే మాటే లేదు, కాదు అనే మాటా లేదు. అడిగిన క్రియనే తిరిగి ఇవ్వాలి: ‘తా’ ఉంది, ‘నీల్’ లేదు. అమ్మకి అర్థం చెబితే, “ఇందులో ఏముందే? ‘తెలుగు వచ్చా?’ అంటే ‘వచ్చు’ అంటాం గానీ ‘అవును’ అంటామా?” అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, తనకి వచ్చిన ఒకే ఒక్క ఐరిష్ మాట ‘నీల్’ని గంభీరంగా అప్పజెప్పింది. ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఈ ఏడాది రెండు పరీక్షలూ రాశాను. ఇటాలియన్‌కి సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం నడిపే చిల్స్. వినికిడి, చదవడం, మాట్లాడటం బాగానే పోయాయి. వ్యాకరణం ముక్క మాత్రం నన్ను ముంచబోయింది. ‘అది’, ‘అతనికి’, ‘అక్కడ’ అన్నీ చిన్న చిన్న తోకలై క్రియకి అతుక్కునే చోట నాకు ఇప్పటికీ టెన్షనే. బల్ల మగది, కుర్చీ ఆడది, చేయి మగవాడి వేషంలో ఉన్న ఆడది. ఇదంతా బట్టీ పట్టడమే, వేరే దారి లేదు. ఐరిష్‌లోనూ ఆ పిచ్చి ఉంది. అమ్మాయి అనే మాట అక్కడ పుంలింగం.

ఐరిష్‌కి మేనూత్ విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టు. ఆ ఉదయం జలుబుతో గొంతు పూడుకుపోయింది. ఎదురుగా కూర్చున్నావిడ ఊరు, పని, వాన గురించి అడిగాక, పిల్లలున్నారా అంది. “తా బెర్ట్ ఖ్లిన్యె అగమ్,” అన్నాను. ఇద్దరు, మెత్తబడ్డ ‘క’, నా దగ్గర. ఆవిడ ఏదో రాసుకుంది.

రైలెక్కి అమ్మకి ఫోన్ చేశాను.

“ఎలా చెప్పావే?”

“బానే చెప్పాననుకుంటున్నానమ్మా. గొంతే సరిగ్గా లేదు.”

“ఏం, జలుబు నీ మీదుందా?” అంది అమ్మ.

“తా,” అన్నాను.